చక్కు నమర్చుట



వ్యాకరణము బోధించి పింఛను గొన్న మాబోటివారు లేతు యంత్రమును గూర్చి ప్రసంగించుట వింతగా దోపవచ్చును. కాని పలాస జీడిపప్పు యంత్రములకును, ఉద్దానపు తోటల పంపులకును ఇరుసులు చేయు యువకులు మన యిండ్లలో నున్నారు.

2018 అక్టోబరు 11వ తేదిని తిత్లీ తుపాను ఈ తీరమును దాకిన పిమ్మట మేము మా పంపునకు క్రొత్త యిరుసు చేయించితిమి. నెల తిరుగకమున్నే అది బేరింగును దినివేసెను. (అక్షమని సంస్కృతమున బిలిచినంత మాత్రమున ఇరుసు చక్కబడదు గదా!) చక్కు వెనుక జిక్కిన రజనే కారణమని వృద్ధ మేస్త్రి యొకరు తేల్చిరి.

160 మి.మీ. చక్కు అంచున 0.05 మి.మీ. రజను నిలిచినచో, 320 మి.మీ. దూరమున కడ్డీ 0.10 మి.మీ. తొలగును. ఒక్క పట్టులో జెక్కినదంతయు సరిగానే కనబడును; కడ్డీని మఱలించి పట్టినపుడే దోషము బయల్పడును.

కావున మరలను, ఆనుడు ముఖమును శుభ్రముగా దుడిచి, క్రింద పలక వేసి, చక్కును చేతితోనే యెక్కింపవలెను, మోటారుతో గాదు. నాలుగు దవడల చక్కున డయల్ గేజి ఎదురెదురు దవడలకడ 0.20 భేదము చూపినచో 0.10 మాత్రమే జరుపవలెను. మొత్తము జరిపినచో దోషము ఆవలి ప్రక్కకు బోవును. మూడు దవడలది తనంతనే కేంద్రము పట్టునని నమ్మి గేజి పెట్టనివారు పలువురు. దవడలరిగిన చక్కు నట్లు నమ్మరాదు. బిగించిన తాళమును వెంటనే తీసివేయవలెను.

ఆ మేస్త్రిగారు చక్కు విప్పి, వెనుక ముఖమును మాచేత వ్రేలితో దడవించిరి. కంటికి గానరాని రజను వ్రేలికి దగిలెను.