నిమిషమునకు 9,000 చుట్లు తిరుగు ఇంజను



పొలములలో నీరు తోడు పాతకాలపు ఆయిలు ఇంజనును మీరందఱు ఎఱిగినవారే. బరువైన చక్రమును త్రిప్పుకొనుచు, ఒక్కొక్క దెబ్బను వేఱుగ లెక్కింపదగినంత నిదానముగ నది నడచును. నిమిషమునకు 600, 700 చుట్లకు మించి తిరుగనివి వానిలో ననేకములు గలవు. నేడు నేను చెప్పబోవునది దానికి దూరపుబంధువు. జపానుదేశమునందలి హోండా కంపెనీవారు 1999వ సంవత్సరమున అమ్మకమునకు తెచ్చిన ఎస్ 2000 అను రెండు సీట్ల కారునకు అమర్చిన ఇంజను నిమిషమునకు 9,000 చుట్ల వఱకు తిరుగగలదు. మోటారువిద్య తెలిసినవారు దీనిని మిక్కిలి మెచ్చుకొందురు. ఆ మెప్పు దేనికి చెల్లవలయునో విచారింతము.

మొదట, అంత వడి యెందులకు? ఇంజను శక్తియనగా ఒక్క దెబ్బ బలము మాత్రమే కాదు. కాలపరిమితిలో నెన్ని దెబ్బలు పడునో ఆ లెక్కయు నందు చేరియున్నది. కళ్ళము నుండి ధాన్యము చేరవేయు కూలీలలో నొకడు బస్తా నెత్తుకొని మెల్లగ నడచును. వేఱొకడు బుట్టెడు బుట్టెడుగ పరుగుపరుగున మోయును. సాయంకాలమునకు ఇద్దఱును ఒకే రాశిని చేర్చియుండవచ్చును. ఎస్ 2000 ఇంజను ఈ రెండవ కూలివాని వంటిది. దాని నాలుగు సిలిండర్ల ఘనపరిమాణమంతయు కలిపి 1,997 ఘనసెంటిమీటర్లు, అనగా రెండు లీటర్ల లోపు. ఒక్కొక్క దెబ్బ సామాన్యమైనదే. అయినను నిమిషమునకు 8,300 చుట్ల యొద్ద సుమారు 240 గుఱ్ఱముల బలము నిచ్చుచుండెను. గాలిని బలవంతముగ లోనికి నెట్టు టర్బో సాధనమేదియు లేకయే ఇంత సాధించుట ఆనాడు అరుదు.

ఇక కష్టము వినుడు. 9,000 చుట్ల వడిలో సెకనుకు 150 చుట్లు. పిస్టను చుట్టు కొకమాఱు పైకి, ఒకమాఱు క్రిందికి పోవలయును. అనగా సెకనుకు 300 మాఱులు పూర్తిగ ఆగి, మఱల ఎదురుదిక్కునకు పరుగెత్తవలయును. అది పోవు దూరము ఒక్కొక్కమాఱు 84 మిల్లిమీటర్లే. అయినను సగటున దాని వేగము సెకనుకు 25 మీటర్లు దాటుచున్నది. గంటకు 90 కిలోమీటర్ల పరుగన్నమాట. అంత వేగమునందుకొని, అంతలోనే నిలిచి, వెనుదిరుగుట సామాన్యము కాదు.

చేనిలో పిట్టలను తోలుటకు వడిసెల త్రిప్పినవారికి ఈ సంగతి చేతికి తెలియును. వడి రెండింతలైనచో రాయి చేతిని లాగు బలము నాలుగింతలగును. వడి మూడింతలైనచో తొమ్మిదింతలు. ఇంజనునందును ఇదే లెక్క. ఈ ఇంజను మిక్కిలి వడిలో నున్నపుడు 300 గ్రాముల తూకముగల వస్తువు పిస్టనుతో కూడ కదలుచుండినచో, పైకొస యొద్ద దానిని నిలిపి వెనుకకు మరల్చుటకు సుమారు 1,400 కిలోల బరువునకు సరియగు బలము కావలయును. పెట్రోలు మండిన దెబ్బకే లోహము విఱుగునని చాలమంది తలంతురు. వడిగా తిరుగు ఇంజనులో పిస్టను తన బరువుచేతనే తన్ను మోయు కడ్డీని లాగి త్రెంపజూచును.

కావున తేలికదనమే ఇందు ప్రాణము. తేలికయైనది బలహీనము కారాదు. అందుచేత పిస్టనులను పోతపోయక అచ్చులో గట్టిగ అదిమి రూపొందించిరి. సిలిండరు లోపలి గోడకు ఇనుపగొట్టములకు బదులు సన్నని పోగులు కలిపి గట్టిపఱచిన అల్యూమినియమును వాడిరి. సిలిండరు వెడల్పు 87 మిల్లిమీటర్లు; పిస్టను నడక దానికంటె తక్కువ.

రెండవ కష్టము ఊపిరి. ఆ వడిలో పిస్టను గాలి పీల్చుకొనుచు క్రిందికి దిగుటకు సెకనులో మున్నూఱవ వంతు కాలమే దొరకును. అంతలో సిలిండరు నిండవలెనన్నచో గాలి వచ్చు తలుపులను, అనగా వాల్వులను, ఎక్కువ యెత్తుగ, ఎక్కువసేపు తెఱచియుంచవలయును. అట్లు చేసిన ఇంజను మెల్లని నడకలో చెడును. లోనికి వచ్చిన గాలి కొంత వెనుకకు పోవును, మంట సరిగ నిలువదు, బండి కుదుపులతో కదలును. పందెపు కార్ల కది చెల్లును. బజారునకు పోవు కారునకు చెల్లదు.

హోండావారు ఇందులకు కనిపెట్టిన ఉపాయము 1989లో ఇంటిగ్రా అను కారునందు మొదట కనబడినది. వాల్వులను ఎత్తు క్యాములు రెండు తీరులవి యుండును. మెల్లని నడకలో పొట్టిక్యాములు పనిచేయును. ఎస్ 2000లో సుమారు 6,000 చుట్లు వచ్చునప్పటికి నూనె యొత్తిడిచేత చిన్నమేకు జాఱి, వాల్వుల చేతులను పెద్దక్యాము చేతితో కలిపివేయును. అంతట ఇంజను గొంతు మాఱును, బలము పెరుగును. నా దృష్టిలో మెప్పంతయు చెల్లవలసినది ఇచ్చటనే. 9,000 అను అంకె గొప్పది కాదు. 2006లో ఫార్ములా వన్ పందెపు ఇంజనులు 20,000 చుట్లను అందుకొన్నవి. కాని వానిని కొద్ది పరుగునకే విప్పి బాగుచేయవలయును. ఇది సామాన్యుని ఇంట నుండి, చలి ఉదయమున కదలి, బండ్ల రద్దీలో నిలిచి, లక్ష కిలోమీటర్లు దాటియు పనిచేయునట్టిది.

లోపము లేదని కాదు. 6,000 చుట్ల లోపల దీని బలము పలుచన; బరువెత్తు పనులకు పనికిరాదు. 2004లో ఉత్తర అమెరికా కార్లకు పిస్టను నడకను 90.7 మిల్లిమీటర్లకు పెంచి, మేరను 8,000 చుట్లకు తగ్గించిరి. క్రిందిబలము కొంత పెరిగినది. 2009లో ఈ కారు తయారీయే నిలిచినది. 2015లో అదే కంపెనీ సివిక్ టైప్ ఆర్ కారున రెండు లీటర్ల ఇంజనుకే టర్బో తగిలించి, తక్కువ వడిలోనే 300 గుఱ్ఱములకు పైగా బలము రాబట్టినది. పనికి అదియే మేలని నేనును ఒప్పుకొందును. అయినను పాదము కదలిన క్షణముననే బదులుపలుకు గుణము పాతదానిదే.

మీ పిల్లలెవరైన దేశాంతరమున నుండి ఇట్టి పాతకారును కొనదలచినచో రెండు మాటలు చెప్పుడు. ఇంజను వేడెక్కకముందు వడి పెంచరాదు, నూనెమట్టమును తఱచుగ చూచుకొనవలయును. రెండవది మఱింత ముఖ్యము. వడి మేర దాటినపుడు పెట్రోలును ఆపివేయు కాపలా ఇంజనులో నున్నది. కాని మూడవ గేరు నుండి నాల్గవదానికి పోబోయి పొరపాటున రెండవదానిలో వేసినచో, చక్రములే ఇంజనును బలవంతముగ త్రిప్పును. అపుడు ఆ కాపలా పనిచేయదు. స్ప్రింగులు వాల్వులను సకాలమున మూయజాలవు, పైకి వచ్చు పిస్టను వానిని తాకును, ఇంజను ఆ క్షణముననే పాడగును.