ఇంజన్ ఆయిల్‌కూ కేవైసీ ఉంది

(కోల్‌కతాలో పనిచేస్తున్న మన తెలుగు సిబ్బంది నెలవారీ సమావేశం వాట్‌గంజ్ శాఖలో జరిగినప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల ఇదే గదిలో మన మేడమ్ గారు పెన్షన్ లెక్కల మీద మాట్లాడారు. ఈ నెల నా వంతు వచ్చింది. నేను వాహన రుణాల డెస్కు చూస్తానని మీకు తెలుసు. మా నాన్నగారు విజయనగరం ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. అందుచేత కారు కాగితాలూ తెలుసు, కారు కింద పడుకుని చూడడమూ తెలుసు. ఈ మధ్య మనవాళ్లలో కొందరు, ముఖ్యంగా కొత్తగా చేరిన తమ్ముళ్లు, టర్బో కార్లు కొంటున్నారు. ఒకరు వర్టస్ జీటీ, మరొకరు ఐ20 ఎన్ లైన్. అందరూ నన్నడిగే ప్రశ్న ఒకటే. "సార్, సింథటిక్ పోయించాలా, మామూలు ఆయిల్ చాలా?" ఇవాళ దానికే సమాధానం చెప్తాను.

ముందు మనం కూర్చున్న చోటునే చూద్దాం. వాట్‌గంజ్‌కు ఆ పేరు కర్నల్ హెన్రీ వాట్సన్ వల్ల వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో ఆయన ఈ నది ఒడ్డున ఓడల పని మొదలుపెట్టాడు. ఇప్పటికీ పక్కనే ఖిదిర్‌పూర్ డాకు ఉంది. కాస్త ముందుకెళ్తే పహాడ్‌పూర్‌లో ఇండియన్ ఆయిల్‌కూ, క్యాస్ట్రాల్‌కూ లూబ్రికెంట్లు కలిపే ప్లాంట్లున్నాయి. గ్రీజులు, లూబ్రికెంట్లు తయారుచేసే బామర్ లారీ 1867లో ఈ నగరంలోనే పుట్టింది. హల్దియా రిఫైనరీలో లూబ్రికెంట్లకు కావలసిన బేస్ ఆయిల్ తీస్తారు. కాబట్టి ఈ విషయం మాట్లాడుకోడానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

డబ్బాలో ఉండేదంతా ఒకే సరుకు కాదు. ఎక్కువ భాగం బేస్ ఆయిల్. మిగతాది మందులు: మసి పట్టకుండా కడిగేవి, అరుగుదల ఆపేవి, ఆయిల్ చిక్కదనాన్ని నిలబెట్టేవి. మామూలు ఆయిల్ అంటే, అదే మినరల్ ఆయిల్ అంటే, బేస్ ఆయిల్‌ను ముడిచమురు నుంచి వడగట్టి శుద్ధి చేసినది. అందులో చిన్నా పెద్దా అణువులు, మైనం, కాస్త గంధకం మిగులుతాయి. సింథటిక్‌లో బేస్ ఆయిల్ అణువులను రసాయన చర్యతో తయారు చేస్తారు, లేదా పూర్తిగా మార్చేస్తారు. అవి దాదాపు ఒకే తీరున ఉంటాయి. వేడికి త్వరగా ఆవిరి కావు, చలికి గడ్డకట్టవు.

ఇందులో ఒక మెలిక ఉంది. బేస్ ఆయిళ్లను అయిదు గ్రూపులుగా విభజిస్తారు. ఒకటి, రెండు గ్రూపులు మినరల్. నాలుగోది పీఏఓ, అసలు సిసలు సింథటిక్. అయిదోదాంట్లో ఎస్టర్ల వంటివి వస్తాయి. మూడోది ముడిచమురు నుంచే వస్తుంది, కానీ హైడ్రోజన్‌తో బాగా మార్చినది. దీన్ని సింథటిక్ అనవచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య వివాదం నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలక సంస్థ అనవచ్చని తేల్చింది. అప్పటినుంచి 'సింథటిక్' అన్న మాట కొలతకు అందే ప్రమాణంగా మిగల్లేదు, ప్రకటన మాటగా మారిపోయింది. డబ్బా ముందు ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉన్నంత మాత్రాన మీ ఇంజన్‌కు సరిపోతుందని అర్థం కాదు.

మనం ఖాతాదారు ముఖం చూసి అప్పివ్వం కదా. కేవైసీ అడుగుతాం. ఇంజన్ ఆయిల్‌కూ కేవైసీ ఉంది. అది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూడవలసినవి మూడు.

మొదటిది చిక్కదనం. 5డబ్ల్యూ-40 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న అంకె ఎంత తక్కువైతే చల్లటి ఇంజన్‌లో ఆయిల్ అంత త్వరగా పైకి పారుతుంది. వెనక 40 అన్నది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. కోల్‌కతాలో మంచు పడదు, మరి ముందు అంకెతో మనకేం పని అంటారు కొందరు. 25 డిగ్రీల ఉదయం కూడా ఇంజన్‌కు చలికాలమే. 100 డిగ్రీల దగ్గర ఉండే పలచదనం అప్పుడు ఆయిల్‌కు ఉండదు. స్టార్ట్ చేసిన మొదటి కొద్ది సెకన్లలో ఆయిల్ ఎంత త్వరగా పైకి చేరితే అరుగుదల అంత తక్కువ.

రెండోది సర్వీసు స్థాయి. ఏపీఐ ఎస్‌ఎన్, ఏపీఐ ఎస్‌పీ అని రాసి ఉంటుంది. ఎస్‌పీ 2020లో వచ్చింది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో ఇంజన్లలో, తక్కువ స్పీడులో గట్టిగా తొక్కినప్పుడు సమయం కాకముందే మంట అంటుకునే జబ్బు ఒకటుంది. అది పిస్టన్‌ను పగలగొట్టగలదు. ఆయిల్‌లో కాల్షియం మందు ఎక్కువైతే ఆ జబ్బు పెరుగుతుందని తెలిశాక, దానికోసం పరీక్షలు పెట్టి తెచ్చిన ప్రమాణమిది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కారు కంపెనీ అనుమతి. ఉదాహరణకు వోక్స్‌వ్యాగన్ 502 00, 508 00 వంటి నంబర్లు. ఈ 508 00 అన్నది పలచని 0డబ్ల్యూ-20 ఆయిల్. అది కొత్తది, ఖరీదైనది కదా అని 502 00 అడిగే పాత ఇంజన్‌లో పోస్తే తప్పే. కొత్త సింథటిక్ కూడా అన్ని ఇంజన్లకూ పనికిరాదు.

ఇక స్పోర్ట్స్ కారు దగ్గరకు వద్దాం. దీనికి ప్రత్యేకంగా సింథటిక్ ఎందుకు? ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైన మన అంబాసిడర్‌ను గుర్తు చేసుకోండి. దాని పాత పెట్రోలు ఇంజన్ 1489 సీసీ, శక్తి 50 హార్స్‌పవర్ చుట్టుపక్కల. వర్టస్ జీటీ ఇంజన్ కూడా దాదాపు అంతే, 1.5 లీటర్లు. శక్తి మాత్రం 150. అదే సైజు గిన్నెలో మూడింతల వంట. ఆ వేడంతా ఆయిల్ మోయాలి. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. గట్టిగా నడిపినప్పుడు దాన్ని తిప్పే పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. ఆ ఇరుసు తేలేది పలచని ఆయిల్ పొర మీదే. బండి ఆపగానే ప్రవాహం ఆగి, అక్కడే నిలిచిన ఆయిల్ వేగిపోతుంది. తక్కువ రకం ఆయిల్ అక్కడ బొగ్గులా గట్టిపడుతుంది. కొన్నాళ్లకు దారి మూసుకుపోయి టర్బో పట్టేస్తుంది.

ఒక నిజం కూడా చెప్పాలి. కొత్తగా పోసినప్పుడు మంచి మినరల్ 15డబ్ల్యూ-40, సింథటిక్ 5డబ్ల్యూ-40 బాగా వేడెక్కాక చిక్కదనంలో దాదాపు సమానమే. 150 డిగ్రీల దగ్గర చేసే పరీక్షలో మొదటిదానికి కనీసం 3.7, రెండోదానికి 3.5 ఉండాలని ప్రమాణం. అంటే మొదటి రోజు తేడా పెద్దగా కనిపించదు. తేడా రోజులు గడిచాక వస్తుంది. ఆయిల్‌ను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత ఆవిరైందో చూసే పరీక్ష ఉంది. 15 శాతం దాటకూడదని ప్రమాణం. మంచి సింథటిక్ 10 లోపే ఉంటుంది. ఆవిరి తక్కువైతే ఇంజన్ ఆయిల్ తాగదు, మిగిలిన ఆయిల్ ముద్దకట్టదు.

అంటే మినరల్ ఆయిల్ నాసిరకమా? కానేకాదు. సముద్రం దాటే పెద్ద ఓడల రెండు స్ట్రోకుల ఇంజన్లలో పోసేది ఎక్కువగా మినరల్ ఆయిలే. అవి నిమిషానికి వంద చుట్లకు అటూఇటూగా, రోజుల తరబడి ఒకే తీరున తిరుగుతాయి. ఆ పనికి అదే సరైనది. 1968 నుంచి ఈ నగరంలో స్టేట్స్‌మన్ పాత కార్ల ర్యాలీ జరుగుతోంది. ఆ కాలపు ఇంజన్లలో చాలావాటికి జింక్, ఫాస్ఫరస్ ఉన్న అరుగుదల మందు ఎక్కువ కావాలి. పొగ శుద్ధిచేసే కన్వర్టర్ పాడవకుండా నేటి ఆయిళ్లలో చాలావాటిలో దాన్ని తగ్గించారు. ఎవరి ఒంటికి తగ్గ పథ్యం వాళ్లకి.

ఇప్పుడు మన రోడ్ల సంగతి. డాకు నుంచి కంటైనర్ ట్రైలర్లు బయటికొచ్చే వేళ ఖిదిర్‌పూర్ దాటడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఇంజన్ వయసు కిలోమీటర్లలో కన్నా గంటల్లో లెక్కేయాలి. 10,000 కిలోమీటర్లు హైవే మీద సగటున 50 స్పీడులో వెళ్తే 200 గంటలు. ఇక్కడ సగటున 15లో వెళ్తే 660 గంటలు దాటుతుంది. మీటరు అదే చూపిస్తుంది, ఆయిల్ పడిన శ్రమ మూడింతలు. మాన్యువల్‌లో 'కఠిన వినియోగం' అన్న పేజీ ఉంటుంది. మనలో ఎక్కువమందికి వర్తించేది అదే. సింథటిక్ పోశాం కదా అని ఏళ్ల తరబడి మార్చకుండా ఉండకూడదు.

ఖర్చు లెక్క వేద్దాం. ధరలు కంపెనీని బట్టి మారతాయి, పద్ధతి కోసం చెప్తున్నాను. నాలుగు లీటర్లు అనుకోండి. మినరల్ లీటరు 400, సింథటిక్ 900. ఫిల్టరు, కూలి కలిపి 700. ఒకసారి మార్చడానికి మినరల్‌కు 2,300, సింథటిక్‌కు 4,300. రెండింటినీ 5,000 కిలోమీటర్లకే మార్చినా ఏడాదికి 10,000 తిరిగేవాళ్లకు తేడా 4,000. నెలకు 333 రూపాయలు. పది, పన్నెండు లక్షల కారుకు నెలనెలా ఈఎంఐ కడుతూ, దాని గుండె దగ్గర 333 మిగుల్చుకోవడం పొదుపు అనిపించుకోదు.

మా శాఖ ఖాతాదారు ఒకాయన సంగతి చెప్తాను. వాడిన టర్బో కారు మన రుణంతో కొన్నాడు. బయట షెడ్డులో 'సింథటిక్' అని ఉన్న ఏదో ఆయిల్ పోయించేవాడు. బిల్లులు లేవు. ఏడాదిన్నరకు టర్బో పోయింది. పొడిగించిన వారంటీ ఇచ్చినవాళ్లు సరైన ఆయిల్ వాడినట్టు రుజువు అడిగారు. చూపించలేకపోయాడు. బీమా దగ్గరకు వెళ్తే, మామూలు పాలసీలో యాంత్రిక లోపాలకు చెల్లింపు ఉండదు. కారు షెడ్డులో, ఈఎంఐ మాత్రం తేదీకి తేదీ. ఒక్క వాయిదా తప్పలేదాయన. రుణం మనకు స్టాండర్డ్ ఖాతాయే. ఆయన ఇంట్లో మాత్రం అది మొండి బాకీలాగే బరువైంది. అందుకే ఇప్పుడు నేను రుణం మంజూరు చేసేటప్పుడు ఈ నాలుగు ముక్కలూ చెప్పి పంపుతున్నాను.

మీరు అడగబోయే కొన్ని సందేహాలకు జవాబులు.

సింథటిక్ మొదలుపెడితే మళ్లీ మామూలుకు రాకూడదా? రావచ్చు. దారిలో ఆయిల్ తగ్గితే, అదే చిక్కదనం ఉన్న మినరల్ అయినా పోసి బండి కాపాడుకోండి. ఊరు చేరాక మొత్తం మార్పించండి.

ఎండలెక్కువ కాబట్టి 20డబ్ల్యూ-50 పోయమంటాడు మెకానిక్. పోయాలా? మాన్యువల్ ఒప్పుకుంటేనే. సన్నని దారులున్న ఇంజన్‌లో మరీ చిక్కటి ఆయిల్ సమయానికి చేరదు.

రేసింగ్ ఆయిల్ ఇంకా మంచిదా? అది ట్రాక్ కోసం, తరచూ మార్చేవాళ్ల కోసం. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు వద్దు.

నల్లబడితే పాడైనట్టా? నలుపు మసిని కడుగుతున్న గుర్తు. డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే మాత్రం నీళ్లు కలిశాయని భయపడండి. వర్షాకాలంలో ఇక్కడి వీధులు ఎలా మునుగుతాయో చూస్తున్నాం. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయొద్దు. తోయించి షెడ్డుకు చేర్చండి. ఇంజన్ రక్షణ అదనపు కవరు తీసుకోవడం ఈ ఊళ్లో తెలివైన పని.

ఇక చేయవలసినవి. గుర్తింపు ఉన్న దుకాణంలోనే కొనండి. సీలు, బ్యాచ్ నంబరు చూడండి. మీ కళ్లముందే పోయించండి. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టించండి, నకిలీ సరుకుకు అది మళ్లీ దొరకకూడదు. బిల్లు మీద ఆయిల్ పేరు, చిక్కదనం, కిలోమీటర్లు రాయించి ఆర్‌సీ కాపీతో పాటు దాచండి. తీసిన పాత ఆయిల్‌ను కాల్వలో పోయనివ్వకండి. అది చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం, మన పక్కనున్న ఆదిగంగ నేరుగా హుగ్లీలో కలుస్తుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టర్బో ఉన్న వేగపు కారుకు సింథటికే పోయించండి. అయితే ఆ మాట చూసి కొనకండి, మాన్యువల్‌లోని నంబరు చూసి కొనండి. పాత బండికి, నెమ్మదిగా తిరిగే బండికి దాని మాన్యువల్ మినరల్ చాలంటే నిశ్చింతగా అదే వాడండి. ఇవాళ ఇంటికెళ్లగానే గ్లవ్ బాక్సు తెరిచి ఆ పేజీ ఒకసారి చదవండి. సందేహం వస్తే ఫోటో తీసి నాకు పంపండి.