బ్రేకు వేస్తే వచ్చే కరెంటు ఎంత?

(పాల సంఘాల అధ్యక్షుల, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల క్యాన్లను శీతలీకరణ కేంద్రానికి చేర్చటానికి బ్యాటరీ ఆటో కొనాలని ఆలోచించే సంఘాలున్నాయి. మంచి ఆలోచనే. అయితే "ఈ బండి నడుస్తూనే తన బ్యాటరీని తానే ఛార్జి చేసుకుంటుంది" అని ఎవరైనా అంటే, అందులో నిజమెంతో తెలుసుకున్నాకనే పాలకవర్గం తీర్మానం చేయాలి. అది సభ్యుల సొమ్ము.

కరెంటు ఇస్తే మోటారు తిరుగుతుంది. అదే మోటారును బయటి నుంచి తిప్పితే కరెంటు ఇస్తుంది. 1873లో వియన్నా ప్రదర్శనలో గ్రామ్ యంత్రాలతో ఈ సంగతి చూపించారు. బండి వేగం తగ్గించేటప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి. బ్రేకులో వేడిగా పోవలసిన శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది. ఢిల్లీ మెట్రో రైళ్లు, డబ్ల్యూఏపీ-7 రైలు ఇంజన్లు ఇలాగే ఆ కరెంటును పై తీగకు తిరిగి ఇస్తాయి.

కాని ఇది ఉచితం కాదు. సైకిలు డైనమోను టైరుకు ఆనించగానే తొక్కుడు బరువవుతుంది కదా! అందుచేత బండి పోతుండగా ఛార్జి చేస్తుందని చక్రానికి వేరే డైనమో బిగిస్తే, వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. వేగం తగ్గించేటప్పుడు, పల్లం దిగేటప్పుడు మాత్రమే మనకు లాభం.

లెక్క చూద్దాం. బండి, మనిషి, పాలు కలిపి 800 కిలోలు, వేగం గంటకు 36 కిలోమీటర్లు అనుకోండి. ఆ పరుగులోని శక్తి సుమారు 11 వాట్-అవర్లు. సగం దక్కినా ఐదున్నర. యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు. ఒక్క యూనిట్ కూడటానికి దాదాపు 180 సార్లు ఆగాలి!

ఘాట్ దారిలో సంగతి వేరు. అదే బండి 100 మీటర్ల ఎత్తు దిగితే విడిచే శక్తి సుమారు 218 వాట్-అవర్లు. టైర్ల రాపిడికి, గాలికి, మోటారులో నష్టానికి పోగా మిగిలినది బ్యాటరీకి చేరుతుంది. బ్రేకు లైనింగు అరుగుదల కూడా తగ్గుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నిండిన క్యానులో ఇంకా పాలు పోయలేము. నిండిన బ్యాటరీ కూడా అంతే. అప్పుడు కంట్రోలరు ఛార్జిని ఆపుతుంది, మోటారు పట్టు సడలుతుంది. కాబట్టి కొండ మీద పూర్తిగా ఛార్జి చేసి దిగకండి. మామూలు బ్రేకులను ఎప్పుడూ సరిగా ఉంచుకోండి.

కొనే ముందు మూడు పనులు చేయండి.

1. ఈ సౌకర్యం ఉన్నదని కాగితం మీద రాయించుకోండి.

2. బ్యాటరీ ఏ రకమో అడగండి. సీసం బ్యాటరీ ఒక్కసారిగా వచ్చే ఛార్జిని లిథియం బ్యాటరీ అంత బాగా తీసుకోదు.

3. మన దారిలో, మన క్యాన్లతో రెండు రోజులు నడిపించి, ఛార్జికి ఎన్ని యూనిట్లు పట్టాయో మీటరులో చూడండి.

వెన్న శాతం చూడకుండా పాలకు ధర కట్టము. మీటరు చూడకుండా బండికీ ధర కట్టవద్దు.