వైద్యము ముగిసిన తరువాత
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



అయ్యగారికి బరువు సంగతి ఎందుకని కొందరు అనుకొనవచ్చును. నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మన సంఘ సభ్యురాలొకరు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ముగించుకొని ఇంటికి వచ్చారు. దర్శించుటకు వెళ్ళాను. మనిషి నిండుగా కనబడ్డారు. సంతోషము కొద్దీ, "అమ్మా, బాగా కోలుకున్నారు, ఒళ్ళు కూడా చేశారు" అన్నాను. ఆమె నవ్వలేదు. కొంతసేపటికి, "అయ్యగారూ, వైద్యానికి ముందుకంటే పది కిలోలు పెరిగాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరుగారు తగ్గమంటున్నారు, ఇంట్లోవాళ్ళు తినమంటున్నారు. చూడవచ్చినవాళ్ళంతా మీలాగే అంటున్నారు" అన్నారు.

రోగులను ఎలా దర్శించవలెనో వేదాంత కళాశాలలో మాకు నేర్పారు. లావైన మనిషిని చూచి కోలుకున్నారనుకొనుట మాత్రము నేను మన ఇండ్లలోనే నేర్చుకున్నాను.

క్యాన్సరంటే మనిషి చిక్కిపోవుననియే మనకు తెలుసు. రొమ్ము క్యాన్సర్ వైద్యములో చాలమందికి ఇందుకు విరుద్ధముగా జరుగుతుంది. నెలల తరబడి నీరసముచేత నడక తగ్గుతుంది. వాంతులు రాకుండ ఇచ్చే స్టీరాయిడ్ మందులు ఆకలి పెంచుతాయి. వయసులో ఉన్నవారికి కీమోవలన నెలసరి ముందే ఆగిపోవచ్చును. కండ తగ్గి కొవ్వు చేరుతుంది. నెలసరి ఆగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ముఖ్యముగా కొవ్వులోనే తయారవుతుంది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగము ఆ హార్మోను ఆధారముగా పెరిగేవే. అధిక బరువు ఉన్నవారికి ఆపరేషన్ జరిగిన వైపు చేయి వాచే ప్రమాదము కూడ ఎక్కువ. చక్కెర వ్యాధి, గుండె జబ్బు సంగతి మీకు తెలిసినదే.

అయితే బరువు తగ్గితే జబ్బు తిరిగి రాదని నేను ఎవరికీ మాట ఇవ్వను. మీరును ఇవ్వకండి. జబ్బు తిరగబెట్టిన సహోదరితో "నోరు కట్టుకొనలేదు గనుక వచ్చింది" అనే మాట మన సంఘములో వినబడరాదు.

అమెరికాలో 'ఎనర్జీ' అనే పేరుతో ఒక పరిశోధన జరిగింది. 2015లో దాని ఫలితములు ప్రచురించారు. శాన్ డియేగో, డెన్వర్, సెయింట్ లూయిస్, బర్మింగ్‌హామ్ కేంద్రములలో 692 మంది స్త్రీలు చేరారు. అందరూ రొమ్ము క్యాన్సర్ వైద్యము ముగించుకొని అధిక బరువుతో ఉన్నవారే. చీటీలు వేసినట్లు వారిని రెండు భాగములు చేశారు. ఒక భాగమువారికి విడివిడిగా రెండుసార్లు ఆహార సలహా, ఆపైన నెలకొక పలకరింపు. రెండవ భాగమువారిని సుమారు 15 మంది చొప్పున గుంపులుగా కూర్చారు. మొదటి నాలుగు నెలలు వారమునకొక గంట, తరువాత రెండు నెలలు పక్షమునకొకసారి, అటుపైన నెలకొకసారి కూడుకున్నారు. తిన్నది వ్రాసుకొనుట, రోజుకు గంటసేపు వ్యాయామము చేసే వరకు క్రమముగా పెంచుకొనుట, ఇవే వారి పని.

ఏడాదికి గుంపులవారు సగటున 6 శాతము బరువు తగ్గారు. విడిగా ఉన్నవారు 1.5 శాతము. అనగా 70 కిలోల మనిషికి నాలుగు కిలోల పైచిలుకు ఒకచోట, ఒక కిలో ఒకచోట. రెండేండ్లు నిండేసరికి ఆ లెక్క 3.7, 1.3 శాతములకు దిగింది. కూటములు పలచబడిన తరువాత కొంత బరువు తిరిగి వచ్చినది. మైత్రి కూటములు నడిపే మీకు దీని అర్థము నేను చెప్పనక్కరలేదు. ఇంకొక మాట. 55 ఏండ్లు దాటినవారిలోనే ఫలము ఎక్కువగా కనబడింది. "ఈ వయసులో మాకెందుకు" అనే పెద్దమ్మలు వినవలెను.

గుంపు బలము మరొకచోట కూడ కనబడింది. 1996లో కెనడా దేశపు వాంకూవర్ నగరములో డాన్ మెకెంజీ అనే వైద్యుడు, రొమ్ము క్యాన్సర్ నుండి కోలుకున్న 24 మంది స్త్రీలచేత పెద్ద పడవలో తెడ్లు వేయించాడు. ఆ చేతికి శ్రమ ఇస్తే వాచునని అందరూ భయపెట్టే రోజులవి. ఒక్కరికీ చేయి వాయలేదు. మనకు కృష్ణా గోదావరులున్నవి గాని నేను పడవ అడుగుటలేదు, నడవమంటున్నాను!

గత సంవత్సరము నుండి బుధవారము సాయంత్రము మన సంఘ హాలులో ఏడుగురు కూడుకుంటున్నారు. ఇద్దరు మన సంఘమువారు కారు. ఒక సహోదరి మొదటి మూడు వారములు తలుపు దగ్గరనే కూర్చున్నారు. కూతురి పెండ్లి సంబంధము చెడిపోవునని ఆపరేషన్ సంగతి చుట్టములకు కూడ చెప్పలేదు. పాటల ప్రాక్టీసుకని చెప్పి వచ్చేవారు. నాలుగవ వారము పక్కనున్న ఆమె తన పైట సర్దుకుంటూ, "నాకూ ఆ వైపే వదినా" అన్నారట. నా భార్య చెప్పగా విన్నాను. ఆ గంటలో నేను హాలులో ఉండను.

అక్కడ పెద్ద విద్య ఏమియు లేదు. తెర వెనుక బరువు చూసుకొని ఎవరి పుస్తకములో వారు వ్రాసుకుంటారు. అంకె ఎవరూ అడుగరు. అన్నము కప్పుతో కొలుచుట, నెల నూనెకు సీసా మీద గీత గీయుట నేర్చుకున్నారు. తరువాత కాంపౌండు చుట్టూ నడుస్తారు. ముందుగా తమ డాక్టరుగారిని అడిగి వచ్చినవారినే చేర్చుకుంటున్నారు. కారణము తెలియకుండ బరువు తగ్గుతున్నవారిని ఆయన దగ్గరకే పంపుతారు.

నేను మొదట చెప్పిన సహోదరి ఎనిమిది నెలలలో నాలుగు కిలోలు తగ్గారు. క్రిస్మస్ నెలలో హాలు ఖాళీ లేదని కూటము నిలిపాము. ఆ నెలలోనే ఒకటిన్నర కిలో తిరిగి వచ్చింది. ఇంటింటా కేకులు, అరిసెలు ఇచ్చినవారిలో నేనును ఒకడను.

కమిటీ పెద్దలు ఇక్కడ ఉన్నారు గనుక అడుగుతున్నాను. బుధవారములు హాలును పెండ్లిండ్లకు అద్దెకిస్తే సంఘమునకు సొమ్ము వచ్చును, నిజమే. ఆ ఒక్క సాయంత్రము, డిసెంబరుతో సహా, వీరికి విడిచిపెట్టండి. సహోదరులారా, ఆ పూట ఇంట్లో వంట ఆలస్యమైతే మీరే ఒక కూర తరగండి. హాలు ఐదున్నరకు తెరుస్తారు. ఏ జబ్బని ఎవరూ అడుగరు.