కాళ్లు పాసేది కులం వల్ల కాదు, తడి వల్ల
(కూలీల సభలో ఇచ్చిన ఉపన్యాసం)



నాట్ల రోజుల్లో వాడలో ఏ గడపలో చూసినా వేళ్ల సందులు పాసిన కాళ్లే. తోలు తెల్లగా నాని ఊడిపోతుంది. రాత్రంతా దురద, మంట. "వాళ్లు కడుక్కోరు, అందుకే" అంటారు గట్టు మీద నిలబడ్డవాళ్లు. పొద్దు గూకేదాకా బురదలో వొంగి ఎవరి పొలం నాటినామో వాళ్లకు తెలియదా?

అసలు సంగతి మాట్లాడుకుందాం. నీళ్లకు తోలు నానుతుంది. నానిన తోలు మీద ఫంగస్ చేరుతుంది. ఇది బూజు జాతి. తడి, వేడి, గాలాడని సందు దొరికితే చాలు, పెరుగుతుంది. దానికి కులం లేదు. పొద్దంతా బూట్లలో చెమట పట్టే దొరల కాళ్లకూ వస్తుంది. మనకు తడి ఎక్కువ, ఆరే వేళ తక్కువ. ఊరందరికీ చెప్పులు కుట్టింది మన వాడ. ఆ చెప్పులు చేతబట్టుకొని ఊరి వీధి దాటిందీ మన వాడే.

పని దిగంగానే మంచినీళ్లతో, సబ్బుతో కాళ్లు కడుగుదాం. కడిగితే సరిపోదు, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డ ఇంకొకరు వాడగూడదు. చెప్పులు ఎండలో ఆరేద్దాం. కిరోసిన్, సున్నం, బ్యాటరీ నీళ్లు పుయ్యొద్దు, తోలు కాలుతుంది.

మందు క్లోట్రిమజోల్ పూత. పొడి కాలికి పూటకోసారి, రోజుకు రెండుసార్లు రాయాలి. దురద తగ్గంగానే ఆపితే మళ్లీ వస్తుంది. తగ్గినాక ఇంకో రెండు వారాలు రాయాలి. దుకాణంలో తొందరగా తగ్గుతుందని స్టెరాయిడ్ కలిపిన పూత ఇస్తే తీసుకోవద్దు. దురద అణుగుతుంది, ఫంగస్ లోలోపల పాకుతుంది. ఇట్లాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మగూడదని 2018లో కేంద్రం చెప్పింది.

కాలు ఎర్రగా వాచినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా ఆలస్యం చెయ్యొద్దు, ఆస్పత్రికి పోవాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, బోదకాలు ఉన్నవాళ్లు చిన్న చీలికను కూడా వదలొద్దు. క్రిములు లోపలికి పోయే దారి అదే. స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్టు పరీక్ష చేయించాలి. దానికి సర్కారు మందు ఉచితం.

చివరగా ఒక మాట. కూలి మాట్లాడుకునేటప్పుడే అడుగుదాం: గట్టున మంచినీళ్ల బిందె, కాళ్లు కడిగి ఆరబెట్టుకునే వేళ. ఇది భిక్ష కాదు, చేసిన పనిలో భాగం. నాటు వేసే చెయ్యికి కూలి ఉన్నట్టే, బురదలో నిలిచిన కాలికీ లెక్క ఉండాలి.