దూరపు ఫోల్డరు మన కంప్యూటరులో

ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరులోని ఫోల్డరును మన కంప్యూటరులోనే ఉన్నట్టుగా వాడుకోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆ దగ్గరలోని మస్తూరీలో మీరు చదువుకుంటున్నారనుకోండి. మీ ప్రాజెక్టు ఫైళ్లు విశాఖపట్నంలోని మీ అన్నయ్య కంప్యూటరులో ఉన్నాయి. వాటిని ఈ-మెయిల్‌లో తెప్పించుకోవచ్చు. కానీ అన్నయ్య తర్వాత ఏదైనా సరిదిద్దితే మీ దగ్గర పాతదే మిగులుతుంది.

దీనికి పరిష్కారం మౌంట్ చేయడం. రైలుకు మరో బోగీ తగిలించినట్టు, అన్నయ్య ఫోల్డరును మీ కంప్యూటరుకు తగిలిస్తాం. ఫైలు తెరవగానే మీ ఆదేశం నెట్‌వర్క్ మీదుగా అక్కడికి వెళ్లి, అందులోని సమాచారాన్ని తెస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ ఇలాగే పనిచేస్తుంది. అందులో ఇచ్చేది సర్వరు, పుచ్చుకునేది క్లయింటు. పీర్-టు-పీర్ పద్ధతిలోనైతే ప్రతి కంప్యూటరూ రెండు పనులూ చేస్తుంది.

అయితే ఒక చిక్కుంది. ఇళ్లలోని కంప్యూటర్లు సాధారణంగా రౌటరు వెనుక ఉంటాయి. బయటివారు వాటిని నేరుగా చేరలేరు. అందుకని రెండు కంప్యూటర్లూ ముందుగా ఒక మధ్యవర్తి కంప్యూటరు ద్వారా పరస్పరం చిరునామాలు తెలుసుకుంటాయి. తర్వాత రెండూ ఒకేసారి సందేశాలు పంపుకుంటే చాలాసార్లు నేరుగా దారి ఏర్పడుతుంది. ఏర్పడకపోతే మధ్యవర్తి ద్వారానే సమాచారం సాగుతుంది. ఆ దారిలో సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపడం తప్పనిసరి.

ఇప్పుడు ముఖ్యమైన విషయం గమనించండి. మౌంట్ చేయడమంటే నకలు తీసుకోవడం కాదు. ఇక్కడ మీరు ఫైలును తొలగిస్తే అక్కడ అన్నయ్య ఫైలే పోతుంది. అక్కడ కరెంటు పోతే ఇక్కడ మీ పని ఆగుతుంది. కాబట్టి చదవడానికి మాత్రమే అనుమతి చాలినచోట రాసే అనుమతి ఇవ్వకూడదు.

నకళ్లు కావాలంటే మరో మార్గముంది. 2001లో వచ్చిన బిట్‌టొరెంట్‌లో ఒకే ఫైలు ముక్కలుగా అనేక కంప్యూటర్లలో ఉంటుంది. ప్రతి ముక్కకూ హ్యాష్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య సరిపోలదు. చెడిన ముక్కను కంప్యూటరు తిరస్కరిస్తుంది.

మీ కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుల అనుమతితో ఒక ఫోల్డరును మౌంట్ చేసి, కేబులు తీసి చూడండి. ఏ ఫైళ్లు మీ దగ్గర నిజంగా ఉన్నాయో, ఏవి ఉన్నట్టు కనిపించాయో అప్పుడు మీకే తెలుస్తుంది.