నానమ్మ రూపాయిని చింతపండుతో తోమొచ్చా?

ఈరోజు రెండు ఫొటోలతో మొదలుపెడదాం. నిజామాబాద్ వైపు నుంచి ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మొదటి ఫొటోలో ఒక వెండి రూపాయి. నల్లగా ఉంది, అంచుల దగ్గర కాస్త నీలం, కాస్త గోధుమ రంగు. రెండో ఫొటోలో అదే రూపాయి తళతళలాడుతోంది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందయ్యా అంటే చింతపండు, తర్వాత టూత్‌పేస్ట్, ఒక పాత బ్రష్. కింద ప్రశ్న: "అన్నా, ఇప్పుడు దీనికి ఎంతొస్తది?"

తమ్ముడూ, మొదటి ఫొటోలో ఉన్నప్పుడు ఎంతొచ్చేదో దానికన్నా తక్కువే వస్తుంది. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది, ఎందుకంటే అది వాళ్ల నానమ్మ డబ్బాలో దాచిపెట్టిన హాలీ రూపాయి.

హాలీ సిక్కా అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. పోలీస్ యాక్షన్ తర్వాత కూడా కొన్నేళ్లు చెల్లింది. దాని మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. ఆ చార్మినార్ మధ్య ద్వారంలోకి బాగా దగ్గరగా చూడండి, నువ్వుగింజంత ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే 'ఐన్'. ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాక మొదట వచ్చిన నాణేల్లో ఆ 'ఐన్' సగమే ఉంటుంది, తర్వాత వచ్చినవాటిలో పూర్తిగా ఉంటుంది. నాణేలు సేకరించేవాళ్లు ఈ తేడా కోసమే భూతద్దం పట్టుకుంటారు. తమ్ముడి రెండో ఫొటోని ఎంత జూమ్ చేసినా ఆ ద్వారంలో నాకు ఒక చిన్న ఉబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. సగమో, పూర్తో, అసలు 'మీమ్' ఏమో! టూత్‌పేస్ట్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కదా, పళ్లకి సరే, వెండి మీద అది ఆకురాయి పని చేస్తుంది.

మరి చింతపండు? మనింట్లో రాగి బిందెలు, ఇత్తడి చెంబులు తరతరాలుగా చింతపండుతోనే తోముతున్నాం, ఏమైంది అంటారు. ఏమీ కాలేదు, ఎందుకంటే బిందె మీద చదవాల్సింది ఏమీ లేదు. (పెళ్లికి చదివించినవాళ్ల పేరు ఉంటే, అదీ ఇరవై ఏళ్లకి అరిగిపోతుంది, మీ ఇంట్లో చూసుకోండి.) చింతపండులో ఆసిడ్ రాగి మీది తుప్పుని కరిగిస్తుంది. హాలీ రూపాయి పూర్తి వెండి కాదు, వందలో దాదాపు 82 పాళ్లే వెండి, మిగతాది ఎక్కువగా రాగి. పైపొరలో ఉన్న ఆ రాగిని ఆసిడ్ తినేస్తే నాణెం తెల్లగా, పేలవంగా తేలుతుంది. పాత నాణేలు చూసి చూసి ఉన్నవాళ్లు ఒక్క చూపులో "ఇది కడిగింది" అనేస్తారు.

ఇంకో మాట. వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడిన పొర అది. అంటే ఆ పొరలో ఉన్నది మీ నాణెం వెండే. దాన్ని గీకేస్తే నాణేన్ని గీకినట్టే. అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్ల వీడియోలు చూసే ఉంటారు. అది గీకదు, నిజమే, నలుపుని తిరిగి వెండిగా మారుస్తుంది. కానీ పాత రంగు పోయి నాణెం జీవం లేనట్టు తయారవుతుంది. అమ్మమ్మ పట్టీలకి చేసుకోండి, నాణేలకి వద్దు.

ఇక్కడిదాకా విన్నాక "సరే, తక్కువ ధర వస్తుంది, అంతే కదా" అనొచ్చు. హాలీ రూపాయికి అంతే. అవి చాలా ఉన్నాయి. శాతవాహనుల నాణేల దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. వాళ్లు సీసంతో కూడా నాణేలు వేశారు. ఏనుగు, గుర్రం, కొన్నిటి మీద రెండు తెరచాపల ఓడ, చుట్టూ బ్రాహ్మీ లిపిలో రాజు పేరు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన నాణేల మీద సిముకుడి పేరు చదివారు. అప్పటిదాకా ఆయన పేరుకి ప్రధాన ఆధారాలు పురాణాలు, నానేఘాట్ శాసనం. ఆ నాణేల్లో ఒకటి ముందుగా మనలాంటి ఉత్సాహవంతుడి చేతికి దొరికి, వెనిగర్‌లో నానిందనుకోండి. సీసం వెనిగర్‌లో కరుగుతుంది. పైగా ఆ నీళ్లు విషం. పొద్దున్నకి మురికీ ఉండదు, అక్షరాలూ ఉండవు. ఇక ఆ నాణెం ఎవరిదో ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

అందుకే పొలంలో దుక్కి దున్నుతుంటే నాణేలు బయటపడితే మట్టితో సహా అలాగే ఉంచండి. 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో దాచిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. ఆ మట్టి కూడా సాక్ష్యమే.

"మ్యూజియంలో మాత్రం కడగరా?" కడుగుతారు. ముందు ఫొటో తీసి, తూకం వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, ఏ లోహమో తేల్చుకుని, ఒక్కో రేణువు తీస్తారు. అక్షరం కనిపించగానే ఆపేస్తారు. మనకి ఆ ఆపడమే చేతకాదు, మెరుపు కనిపించేదాకా రుద్దుతాం.

కానీ "అసలు ముట్టుకోవద్దు" అని గిరిగీసే పెద్దలతో కూడా నేను పూర్తిగా ఏకీభవించను. ఒక జబ్బుంది, దాన్ని చూస్తూ ఊరుకోకూడదు. రాగి, కంచు నాణేల మీద గట్టిగా, నున్నగా ఉండే పచ్చదనం ఉంటే భయం లేదు, అదే నాణేనికి రక్షణ. లేత పచ్చగా, పొడిలాగా, పుల్లతో తాకితే రాలిపోయేలా ఉంటే మాత్రం జాగ్రత్త. వానాకాలంలో మళ్లీ మళ్లీ పుడుతుంటే లోపల ఉప్పు చేరినట్టు. మట్టి నుంచి, సముద్రపు గాలి నుంచి, మన చేతి చెమట నుంచి కూడా ఆ ఉప్పు వస్తుంది. ఆ ఉప్పు, తేమ కలిసి లోపల ఆసిడ్ తయారుచేస్తూ నాణేన్ని గుల్ల చేస్తాయి. దాన్ని వెంటనే మిగతావాటి నుంచి తీసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. తేమ లేకపోతే జబ్బు ఆగుతుంది. తర్వాత తెలిసినవాళ్లకి చూపించండి.

ఇంకొకటి, జిగురులాంటి పచ్చదనం. అది నాణెం తప్పు కాదు, మెత్తటి పీవీసీ కవర్ల తప్పు. గాలి ఆడే చోట, దగ్గర్లో మంట లేకుండా, గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి ముంచితే పోతుంది. రుద్దొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు.

వదులుగా ఉన్న మట్టికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు, సీసం నాణేలకు తప్ప. కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో ఉప్పు. నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. తుడవడం కాదు, అద్దడం. చెయ్యి తిరగాలంటే పాత నయాపైసల మీద ప్రయత్నించండి, నానమ్మ డబ్బా మీద కాదు. సీసం నాణేలుంటే చెక్క బీరువాలో వద్దు, చెక్క నుంచి వచ్చే ఆసిడ్ ఆవిరికి తెల్లపొడిగా మారిపోతాయి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఇంతకీ మన తమ్ముడు ఇంకో ప్రశ్న అడిగాడు. గంధకం పెట్టి మళ్లీ నల్లగా చేస్తే ఎవరికైనా తెలుస్తుందా అని. కొందరు దుకాణాల్లో చేస్తారు, అదీ తెలిసిపోతుంది. నీ దగ్గరే ఉంచుకో, దానంతటదే మెల్లగా రంగు తిరుగుతుంది అన్నాను. కాసేపటికి మెసేజ్ పెట్టాడు, డబ్బాలో ఇంకా నాలుగు ఉన్నాయట, తోమలేదట. ఆదివారం వాటి ఫొటోలు పంపుతానన్నాడు. ద్వారంలో అక్షరం సగమా, పూర్తా అన్నది వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం. ఉంటాను మరి.